టెయిల్ రోటర్ బల్ల: ఆమదాలవలస షెడ్డు డైరీ

జూలై 6

షెడ్డు ఖాళీ చేశాను. పాత మంచం, రెండు బస్తాల ఊక, పదేళ్ళుగా తుప్పు పడుతున్న మోపెడ్ బయటికి పోయాయి. గోడవార ఆరడుగుల చోటు దొరికింది.

"మళ్ళీ ఏటి మొదలెట్టారు?" అని మా ఆవిడ గుమ్మంలోంచే అడిగింది. హెలికాప్టర్ తోక అన్నాను. ఇంకేమీ అడగలేదు.

దీనంతటికీ కారణం మా అక్క కొడుకు. విమానాల మెయింటెనెన్స్ చదువుతున్నాడు. వాళ్ళకు మాడ్యూల్ 12 అని హెలికాప్టర్ల పేపరు ఒకటి ఉంటుంది. టెయిల్ రోటర్ అంటే హెలికాప్టర్ తోక చివర తిరిగే చిన్న ఫ్యాను; వాడికి ఇప్పటిదాకా కనిపించింది క్లాసు గోడమీది చార్టులోదే. పోయిన నెల ఫోన్ చేసి, "మావయ్యా, పిచ్ లింకులో ప్లే చూడాలి అని పుస్తకంలో ఉంది. చూడడమంటే ఏటి? చేత్తో ఊపడమా?" అన్నాడు. పిచ్ లింకంటే రెక్క వాలు మార్చే చిన్న కడ్డీ, ప్లే అంటే దాని కీళ్ళలో వదులు. చేత్తో ఊపడమే. కానీ ఎంత ఊగితే పర్వాలేదు, ఎంత ఊగితే హెలికాప్టర్‌ను నేలమీదే ఆపెయ్యాలి అన్నది ఫోన్లో చెబితే వచ్చే విషయం కాదు. చెయ్యి పట్టుకుని ఊపించాలి.

నేను నేవీలో పదిహేనేళ్ళు చేతక్ హెలికాప్టర్ల మీద పనిచేశాను. ఫ్రెంచివాళ్ళ అలుయెట్ 3నే మన హెచ్.ఏ.ఎల్. (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) లైసెన్సు మీద చేతక్ అని తయారుచేసింది. దాని తోకకు మూడు రెక్కలు. వాటిని కడిగాను, తుడిచాను, విప్పాను, బిగించాను, సంతకాలు పెట్టాను. ఇప్పుడు ఆ చేతులు ఊరికే ఉన్నాయి.

అనుకున్నదిది. ఎగరదు. బల్లమీద కూర్చుని తిరుగుతుంది. టెయిల్ రోటర్‌లో ఉండే అసలు కీళ్ళన్నీ ఉంటాయి. వాటిలో నేను తప్పులు దాస్తాను, వాడు వెతికి పట్టుకోవాలి.

జూలై 13

శ్రీకాకుళం వెళ్ళి, ఏడు రోడ్ల కూడలి దగ్గర బస్సు దిగి, తెలిసిన లేతు షాపులో బొమ్మ చూపించాను. మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది బోరు మోటారుకా మాస్టారూ?" అన్నాడు. హెలికాప్టర్ అనగానే పక్క మిషన్ల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. మన దగ్గర హెలికాప్టర్ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది 2009 సెప్టెంబర్ 2, నల్లమల. ఆ రోజు ఎవరెక్కడున్నారో చెప్పుకున్నాక, "అదీ తోక విరిగే పడిందా?" అని ఒకతను అడిగాడు. కాదు, అది చెడు వాతావరణంలో, బలంగా కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పి పడిన ప్రమాదం. తోక సంగతి వేరు.

ఆ సంగతి వాళ్ళకు సీలింగు ఫ్యానుతో చెప్పాను. ఫ్యానును రాడ్డు తీసేసి తాడుతో వేలాడదీస్తే, స్విచ్ వెయ్యగానే రెక్కలు ఒకవైపు తిరుగుతాయి, పైనున్న తాడు రెండోవైపు మెలి తిరుగుతుంది. హెలికాప్టర్‌కు పైన రాడ్డూ లేదు, ఇంటికప్పూ లేదు. పెద్ద రెక్కలు ఒకవైపు తిరిగితే మనుషులు కూర్చున్న డబ్బా రెండోవైపు తిరగబోతుంది. దాన్ని తోక చివర చిన్న ఫ్యాను పక్కకు నెట్టి ఆపుతుంది. ఎంత గట్టిగా నెట్టాలో పైలట్ పాదాల కింది పెడళ్ళు చెబుతాయి. పెడల్ తొక్కితే చిన్న ఫ్యాను వేగం మారదు, రెక్కల వాలు మారుతుంది. గిర్రున తిరిగే రెక్కల వాలును తిరగని చోటు నుంచి మార్చాలి. చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మేస్త్రీకి వెంటనే అర్థమైంది. "అంటే తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్యన బేరింగు ఉండాలి కదా?" అన్నాడు. ఉంది. ఈ బల్ల మొత్తం ఆ బేరింగు కోసమే.

ఆర్డరు ఇలా ఇచ్చాను. బయట 30 మి.మీ., లోపల 18 మి.మీ. బోలు షాఫ్టు, దానికి రెండు 6206 బేరింగులు. దాని కడుపులోంచి 15 మి.మీ. రాడ్డు. ఈ రాడ్డు తిరగదు, ముందుకూ వెనక్కూ జరుగుతుంది. రాడ్డు బయటి కొసన జంటగా రెండు 7202 బేరింగులు, వాటి చుట్టూ రెక్కలతో పాటు తిరిగే క్రాస్‌హెడ్, అక్కడి నుంచి రెండు పిచ్ లింకులు, ఒక్కోటి ఒక్కో రెక్క చెవికి. రాడ్డు లోపలి కొసన 12 మి.మీ. మర, దానికి పెడల్ లివరు, తలమీద గాడి ఉన్న క్యాసిల్ నట్టు, నట్టు ఊడకుండా ఆ గాడిలోంచి రాడ్డు బెజ్జంలోకి దూర్చే స్ప్లిట్ పిన్ను. మోటారు మా ఇంటి పాత గ్రైండరుది, అర హార్స్ పవర్, నిమిషానికి 1440 చుట్లు. రెండంగుళాల పుల్లీ నుంచి పదంగుళాల పుల్లీకి బెల్టు వేస్తే 288 వస్తుంది. చిన్న హెలికాప్టర్లలో అసలు టెయిల్ రోటర్ నిమిషానికి రెండువేలకు పైనే తిరుగుతుంది. నాకు అంత వద్దు. చుట్టూ ఇనుప జాలీ పెట్టినా వద్దు.

జూలై 20

బేరింగులు విశాఖ నుంచి తెప్పించాను. రెక్కలు నేనే చేశాను, టేకు బద్దమీద పల్చటి అల్యూమినియం రేకు అతికించి. ఒక రెక్కలో కావాలనే అరచేయంత చోట జిగురు రాయలేదు. ఎక్కడో ఇక్కడ రాయను, వాడు చదివేస్తాడు.

సాయంత్రానికి అంతా బిగించి చేత్తో తిప్పాను. మెత్తగా తిరిగింది. రాడ్డును ముందుకు తోస్తే బాగుంది, వెనక్కి లాగితే కటక్‌మంది. డయల్ గేజి పెట్టి చూస్తే 0.4 మి.మీ. ప్లే. కొత్త బేరింగులు కదా, ఇదేంటి?

అరగంట ఊరికే బుర్ర గోక్కున్నాక గుర్తొచ్చింది. 7202 బేరింగు ఒకవైపు తోపునే మోస్తుంది. అందుకే రెండు పెడతాం, ఒకటి ఇటు, ఒకటి అటు, వీపులు ఆనించి కూర్చున్న ఇద్దరు మనుషుల్లా. నేను ఇద్దరినీ ఒకేవైపు చూస్తూ కూర్చోబెట్టాను. బయటి రింగులో వెడల్పు అంచు ఉన్న ముఖాలు ఒకదానికొకటి ఆనాలి. పదిహేనేళ్ళ అనుభవం ఉన్నవాడు చేసిన పని ఇది. విప్పి, తిప్పి, బిగించాక సూది 0.02 దాటలేదు.

ఆ తర్వాత ఇంకో కొలత తీసుకున్నాను. క్రాస్‌హెడ్ చుట్టూ నూలు దారం చుట్టి, ల్యాబుల్లో వాడే అర కిలో స్ప్రింగు త్రాసుతో మెల్లగా లాగి, ఎంత బరువు దగ్గర తిరగడం మొదలవుతుందో చూశాను. 60 గ్రాములు. గోడమీద సుద్దతో రాసి పెట్టాను. ముందుముందు బేరింగు మంచిదో కాదో చెప్పేది ఈ అంకే.

జూలై 27

మేనల్లుడు దిగాడు. పొందూరు రోడ్డులో వాన, తడిసి ముద్దయి వచ్చాడు. తల తుడుచుకోకుండానే షెడ్డులోకి నడిచాడు. జాలీ చుట్టూ రెండుసార్లు తిరిగి, "మావయ్యా, గ్రైండరు మోటారు అత్తకు తెలుసా?" అన్నాడు. తెలియదు.

రాత్రి భోజనాలయ్యాక మాండేటరీ అనే మాట మీద గంటసేపు మాట్లాడుకున్నాం. వాడి పుస్తకంలో అది నిర్వచనం. నాకది భయం. తయారీ కంపెనీ సర్వీస్ బులెటిన్ పంపుతుంది, ఫలానాది చూసుకోండి అని. హెలికాప్టర్‌ను డిజైన్ చేసిన దేశపు అధికారులు అదే విషయాన్ని ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్‌గా ఇచ్చారంటే ఇక సలహా కాదు, ఆజ్ఞ. మన పౌర విమానయాన అధికారులు, డీజీసీఏ కూడా దాన్ని తప్పనిసరి చేస్తుంది. అందులో ఏ మోడల్, ఏ పార్టు నంబరు, ఏ సీరియల్ నంబర్ల నుంచి ఏ నంబర్ల దాకా, ఎన్ని గంటల లోపు, ఒకేసారా, మళ్ళీ మళ్ళీనా అని ఉంటుంది. కొన్నిటిలో మళ్ళీ ఎగిరే ముందే అని ఉంటుంది. అది కనబడిన రోజు హ్యాంగర్లో ఎవరూ టీకి వెళ్ళరు.

ఉదాహరణకు లెస్టర్ సంగతి చెప్పాను. 2018 అక్టోబర్ 27, ఇంగ్లండు. ఫుట్‌బాల్ మైదానం మధ్యలోంచి ఏడబ్ల్యూ169 హెలికాప్టర్ లేచింది. ఆ క్లబ్బు యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభతో పాటు మొత్తం అయిదుగురు. కొని రెండేళ్ళు దాటిన యంత్రం, పాతదేమీ కాదు. కొంత ఎత్తుకు వెళ్ళాక ముక్కు కుడివైపు తిరగడం మొదలైంది, పైలట్ ఎదురు పెడల్ తొక్కినా ఆగలేదు. గిరగిరా తిరుగుతూ కింద పడింది. అయిదుగురూ పోయారు.

టెయిల్ రోటర్‌లో తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్యనుండే జంట బేరింగు లోలోపల అలసి, పొరలు రాలి, పట్టేసింది. తిరగకూడని రాడ్డు రెక్కలతో పాటు తిరిగింది. ఆ తిరుగుడుకు రెండో కొసన నట్టు దగ్గర పిన్ను తెగి, రాడ్డు మరలోంచి ఊడి బయటికొచ్చింది. పెడళ్ళకూ రెక్కలకూ సంబంధం తెగిపోయింది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి షెడ్డులో లైటు వేసి, నా రాడ్డు లోపలి కొసన ఉన్న నట్టును చూసొచ్చాడు.

2018 నవంబర్‌లో యూరప్ అధికారులు వెంటవెంటనే అత్యవసర ఆజ్ఞలిచ్చారు. ముందు ఆ నట్టు, పిన్ను, నట్టు ఊడకుండా కట్టే లాకింగ్ వైరు చూడమన్నారు. తర్వాత బేరింగే చూడమన్నారు, చేత్తో తిప్పి గరుకుందా, కదలడానికి ఎంత బలం పడుతోంది అని. గోడమీద నేను రాసిన 60 గ్రాములు ఆ ప్రశ్నకు మా పల్లెటూరి జవాబు.

ఆగస్టు 3

రూపాయి బిళ్ళ రోజు. రెక్కలో రేకు, కింది బద్ద విడిపోయాయా అని తెలుసుకోవడానికి నాణెంతో తట్టి వింటారు. అతుక్కున్నచోట టక్‌మని గట్టిగా పలుకుతుంది, విడిపోయినచోట మొద్దుగా పలుకుతుంది. పెద్ద పెద్ద కంపెనీల మాన్యువళ్ళలో కూడా ఉన్న పద్ధతే.

మావాడు రెక్కంతా తట్టి, ఏమీ లేదన్నాడు. రెండోసారి తట్టి, ఏమోనన్నాడు. పుస్తకాలు పక్కన పెట్టి బుడితి తీసుకెళ్ళాను. సారవకోట మండలంలో ఇత్తడి పాత్రలు చేసే ఊరు అది. అక్కడ ఒక పెద్దాయన బిందెలు అమ్మే ముందు వేలి మెటికతో ఒక్కో దాన్నీ చుట్టూ తడుతున్నారు. ఒకదాన్ని పక్కన పెట్టేశారు. మావాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు, బీట ఎక్కడా లేదు. "కంటికి ఆనదు బాబూ, సెవికి ఆనుద్ది," అన్నారాయన. దీపం ముందు పట్టి, అంచు మడత లోపల వెంట్రుకంత గీత చూపించారు.

ఆయన చేసేదానిలో ఒక కిటుకు నేనూ అంతకుముందు గమనించలేదు. తట్టేటప్పుడు ఆయన చెయ్యి ఆగదు. ఒకే జోరుతో, ఒకే ఎడంతో పోతుంది. మావాడు ఒకచోట గట్టిగా, ఒకచోట మెల్లగా తట్టాడు, అందుకే తేడా పలుకుది అనుకోవాలో, దెబ్బది అనుకోవాలో వాడికి తెలియలేదు. ఇంటికొచ్చి రెక్కమీద సుద్దతో అంగుళం గళ్ళు గీశాడు. ఇరవై నిమిషాల్లో దొరికింది. దాని హద్దులు కూడా పెన్సిలుతో గీశాడు, నేను జిగురు మానేసిన చోటుకు సరిగ్గా సరిపోయింది. వస్తూ వస్తూ ఒక బిందె కూడా కొనుక్కొచ్చాం. గ్రైండరు మోటారు లెక్క దానితో సరిపోతుందని నా ఆశ.

ఆగస్టు 10

పగుళ్ళ పని. రెక్క చెవి, అంటే పిచ్ లింకు వచ్చి కలిసే కొమ్ము, అల్యూమినియం ముక్క. అలాంటిదే ఇంకోటి వైసులో బిగించి, పైపు తొడిగి రెండొందలసార్లకు పైగా అటూ ఇటూ వంచాను. మూల దగ్గర ఏదో అయింది. కంటికి మాత్రం ఏమీ లేదు. భూతద్దంతో కూడా గీతో, గీరుడో తేలలేదు.

డై పెనెట్రాంట్ మూడు డబ్బాలు. ముందు క్లీనరుతో జిడ్డు తియ్యాలి. ఎర్రరంగు కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి, పగులుంటే రంగు అందులోకి దిగుతుంది. పైరంగు తుడిచి తెల్లపొడి కొట్టాలి, అది పగుల్లోని రంగును పైకి పీలుస్తుంది. పైకి తెరుచుకున్న పగులునే ఇది పట్టిస్తుంది, లోపల మూసుకుపోయి ఉన్నదాన్ని పట్టించదు.

మొదటిసారి మావాడు అంతా సరిగ్గానే చేసి చివర్లో క్లీనరును నేరుగా ముక్కమీదే కొట్టాడు. శుభ్రంగా మెరిసింది. తెల్లపొడి కొట్టి పది నిమిషాలు చూశాం, తెల్లగానే ఉంది. పగులు లేదని కార్డులో రాయబోయాడు. ఆపాను. క్లీనరును గుడ్డమీద కొట్టి ఆ గుడ్డతో తుడవాలి. నేరుగా కొడితే పగుల్లోని రంగు కూడా కడుక్కుపోతుంది, ఉన్న పగులు లేనట్టు కనబడుతుంది. నిజం చెప్పాలంటే ఈ తప్పు వాడు చేస్తాడని ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ మొదటినుంచి చేశాం. ఈసారి తెల్లపొడిమీద నిమిషంలోపే సన్నటి ఎర్రగీత, చీమ పాకినట్టు. క్రమంగా లావయింది. 9 మి.మీ.

వానాకాలం షెడ్డు ఈ పనికి మంచిది కాదు. పొడి ముద్దకట్టింది, ఇనప ముక్కలన్నీ రాత్రికి రాత్రే ఎర్రబడుతున్నాయి. గ్రీజు పూసి పాత చీరగుడ్డలు చుట్టాను.

ఆగస్టు 17

ఈ రోజు రాయడానికి చాలా ఉంది. బేరింగును పట్టేయించాం.

ముందు రెక్కలు తీసేశాం. ఏది ఊడి ఎటు పోతుందో తెలియని పనికి రెక్కలుండకూడదు. మంచి బేరింగుల జంట విప్పి పక్కన పెట్టి, పాత జంట ఒకటి వేసి, అందులో మోటారు సైకిలు షెడ్డువాళ్ళు వాడే వాల్వ్ గ్రైండింగ్ పేస్టు కలిపిన గ్రీజు కూరాను. నట్టుకు స్ప్లిట్ పిన్ను పెట్టలేదు. నట్టుమీది నుంచి లివరుమీదికి మా ఆవిడ గోళ్ళరంగుతో ఒక గీత గీశాను. హ్యాంగర్లో దీనికి వేరే రంగు ఉంటుంది, పని మాత్రం ఇదే. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగుతుంది.

మోటారు వేశాం. పది నిమిషాలకోసారి ఆపి దారంతో లాగి చూశాం. 60, 80, 130, 210, 310. అప్పటికి బేరింగు చుట్టూ చెయ్యి పెట్టలేనంత వేడి. చెవికి మాత్రం పెద్ద తేడా లేదు, మోటారు చప్పుడు కింద అంతా కలిసిపోతోంది. శబ్దం వస్తే తెలుస్తుందిలే అని అనుకునేవాళ్ళు ఈ షెడ్డులో గంట కూర్చోవాలి.

నలభై నిమిషాలయ్యాక గీత చూశాం. తెగలేదు. పిన్ను లేకుండానే నట్టు బిగువుగా ఉంది! ఇంకో పది నిమిషాలు తిప్పాం. ఏమీ లేదు. అప్పుడు మావాడు, "మావయ్యా, తిరిగేది బిగుసుకునే వైపు కదా?" అన్నాడు. అంతే. రాడ్డు నట్టులోకి ఇంకా బిగుసుకునే వైపు లాగుతోంది బేరింగు. మోటారు స్టార్టింగ్ వైండింగు వైర్లు రెండూ అటుదిటు మార్చి, వెనక్కి తిప్పాం. మూడు నిమిషాల్లో గీత తెగింది.

ఇది నేను అనుకున్న పాఠం కాదు, దానికంటే మంచిది. పాడైన బేరింగు ఒకవైపు తిరిగితే తన నేరం తనే దాచుకుంటుంది. నట్టు చూసి బేరింగు బాగుందనుకోకూడదు.

చివరగా పూర్తిగా పట్టేస్తే ఏమవుతుందో చూశాం. క్రాస్‌హెడ్‌కు పక్కనుంచి మరలేసి ఒక స్క్రూతో బేరింగును రాడ్డుకు బిగించేశాను. స్ప్లిట్ పిన్ను బదులు మెత్తటి అల్యూమినియం తీగ. ఇద్దరం గుమ్మం బయట నిలబడి స్విచ్ వేశాం. టిక్‌మని తీగ తెగింది, ఆ తర్వాత ఎన్ని సెకన్లో లెక్కపెట్టలేదు, చాలా తక్కువ. రాడ్డు మరలోంచి బయటికొచ్చి లివరు కింద పడింది. మోటారు ఆపాక మావాడు వెళ్ళి పెడల్ లివరు పట్టుకుని ఊపాడు. ఇంటి తలుపులా ఊగింది. క్రాస్‌హెడ్ కదల్లేదు. వాడు మూడు నాలుగుసార్లు అలా ఊపుతూనే ఉన్నాడు.

అసలు హెలికాప్టర్‌లో ఇంతకంటే ఘోరం. అక్కడ ఆ లివర్లు రాడ్డును తోసే హైడ్రాలిక్ యాక్చుయేటర్‌కు ఎంత జరిగావో, ఎక్కడ ఆగాలో చెబుతుంటాయి. ఆ కబురు తెగిపోతే అది ఆగకుండా తోస్తూనే పోతుంది. లెస్టర్‌లో రెక్కల వాలు చివరి హద్దుదాకా వెళ్ళిపోయింది.

సాయంత్రం మంచి బేరింగులు, కొత్త రాడ్డు వేసి తిరిగి బిగిస్తుండగా కరెంటు పోయింది. సెల్‌ఫోన్ లైటులో నట్టు బిగించి, పిన్ను పెట్టి, గోళ్ళరంగు గీత గీసి, కార్డులో సరే అని రాసి సంతకం పెట్టి తలుపేశాను.

ఆగస్టు 24

పరీక్ష రోజు. మావాడితో పాటు ఊళ్ళోని డిప్లొమా కుర్రాళ్ళు ఇద్దరు. నేను అయిదు తప్పులు దాచాను: ఒక పిచ్ లింకు కొసలో అరిగిన బేరింగు, పగిలిన చెవి, రేకు విడిపోయిన రెక్క, వెనక్కి చుట్టిన లాకింగ్ వైరు, ఒక బోల్టుకు వాషరు లేకపోవడం. చేతిలో తనిఖీ కార్డు, టైము మూడు గంటలు.

డిప్లొమా కుర్రాళ్ళు నాలుగు పట్టారు. వాళ్ళకు తప్పిపోయింది లాకింగ్ వైరు. వైరు ఉంది కదా అని చూసి ముందుకెళ్ళిపోయారు. నట్టు ఊడబోతే బిగించే వైపుకు లాగాలి వైరు. అది ఊడే వైపుకు లాగుతోంది. ఉందా లేదా అని చూస్తే ఉంది.

మావాడు ఆరు పట్టాడు.

"అయిదే దాచాను రా."

"ఆరోది నువ్వు దాచలేదు, చేశావు."

లోపలి కొసన క్యాసిల్ నట్టు. గోళ్ళరంగు గీత చెక్కుచెదరలేదు. పిన్ను బాగానే ఉంది. కార్డులో నా సంతకం ఉంది. వాడు అయినా పిన్ను తీసి, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచిని 25 న్యూటన్ మీటర్లకు పెట్టి లాగాడట. నట్టు కదిలింది. 25కు బిగించిన నట్టు 25కు కదలకూడదు.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ సాయంత్రం గుర్తొచ్చింది. 25కు బిగించాను, నిజమే. కానీ నట్టు గాడీ, రాడ్డు బెజ్జం ఒకదానికొకటి కలవలేదు. పిన్ను దూరదు. చీకటి. అప్పుడు నట్టును కాస్త వెనక్కి వదులు చేసి పిన్ను దూర్చాను. చెయ్యకూడని పని అదే. గాడి కలవకపోతే అనుమతించిన హద్దులోపల ఇంకొంచెం బిగించాలి, లేదా వాషరు మార్చాలి, వెనక్కి తిప్పకూడదు. ఆ తర్వాత దానిమీద గీత గీశాను. గీత అబద్ధం చెప్పలేదు, గీసినప్పటి నుంచి నట్టు కదల్లేదని మాత్రమే చెప్పింది. వదులుగా ఉన్న నట్టును వదులుగానే కాపలా కాసింది.

"నీకెందుకు అనుమానం వచ్చింది?" అని అడిగాను.

"మిగతా గళ్ళలో అంకెలున్నాయి మావయ్యా. దీంట్లో సరే అని ఉంది."

డిప్లొమా కుర్రాళ్ళు నవ్వాలో వద్దో తెలియక బిందెకేసి చూస్తున్నారు.

రాత్రి వాడికి ఉత్తర సముద్రం సంగతి చెప్పాను. 2016 డిసెంబర్ 28న వెస్ట్ ఫ్రాంక్లిన్ అనే చమురు వేదికమీద సికోర్‌స్కీ ఎస్-92 దిగుతుండగా అదుపు తప్పి గిర్రున తిరిగింది. చక్రాలు డెక్కును గీరుకుపోయాయి. లోపల తొమ్మిదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, అదృష్టం కొద్దీ అందరూ క్షేమం. అక్కడ కూడా టెయిల్ రోటర్ పిచ్ మార్చే షాఫ్టు బేరింగే. ఆ హెలికాప్టర్‌లో ప్రకంపనలను కొలిచి దాచుకునే యంత్రం ఉంది. బేరింగు పాడవుతోందని అది ముందే గుర్తుపట్టింది. ఆ సమాచారం స్క్రీన్‌లో ఉంది. చూసినవాళ్ళ కంటికి ఆనలేదు. ఆ తర్వాత 2017 జనవరిలో కంపెనీ ప్రపంచంలోని ఆ మోడల్ హెలికాప్టర్లన్నిటికీ ఆ బేరింగు తనిఖీ చెయ్యమని బులెటిన్ ఇచ్చింది.

నేను ఆ కథ వేరేవాళ్ళ గురించి చెబుతున్నట్టు చెప్పాను. వాడు మర్యాదకు విన్నాడు.

ఆగస్టు 31

చవితికి షెడ్డు మూత. వాడు కాలేజీకి వెళ్ళిపోయాడు. కార్డు మళ్ళీ గీశాను. సరే, బాగుంది అని రాసే గళ్ళు తీసేశాను. ప్రతి గడిలో అంకె పడాలి: ప్లే ఎన్ని మిల్లీమీటర్లు, టార్క్ ఎంత, దారం ఎన్ని గ్రాముల దగ్గర కదిలింది. అంకె పెట్టలేని చోట ఏం చూశారో ఒక వాక్యం. పిన్ను గడిలో రెండు ప్రశ్నలు పెట్టాను: గాడి కలవకపోతే ఏం చేశారు, ఎటు తిప్పారు. సంతకం కింద టైము గడి కూడా చేర్చాను, ఎందుకంటే ఆ రోజు నా సంతకం పక్కన టైము ఉండి ఉంటే అప్పుడు కరెంటు లేదని ఎవరికైనా తెలిసేది.

లేతు మేస్త్రీకి కార్డు చూపిస్తే తన షాపుకు కూడా ఒకటి రాసిమ్మన్నాడు. మా ఆవిడ మోటారు సంగతి కనిపెట్టేసింది. బిందె పనిచెయ్యలేదు.

సెప్టెంబర్ 7

నట్టు కొత్తది, పిన్ను కొత్తది, 25కు బిగించాను, గాడి కలవడానికి పల్చటి వాషరు వేశాను. పట్టపగలు.

రోజూ ఉదయం అరగంట తిప్పి, చల్లారాక దారంతో లాగి గోడమీద రాస్తున్నాను. సోమవారం 60. మంగళవారం 60. గురువారం 70. నిన్న 80. ఈ రోజు 95.

ప్లే లేదు. చేత్తో తిప్పితే గరుకూ లేదు. చెవికి ఏమీ తెలియదు. ఆ రోజు పేస్టు పూసిన క్రాస్‌హెడ్‌ను కిరసనాయిలుతో కడిగాను. ఒక రేణువు మర సందులో మిగిలిపోయిందేమో. లేదా చవితి వానకు గ్రీజులోకి తేమ దిగిందేమో. లేదా నేను దారం లాగే చెయ్యే మారిందేమో. ఈ మూడోది తేల్చుకోవడానికి మా ఆవిడ చేత లాగించాను. 95.

రాత్రి వాడు ఫోన్ చేశాడు.

"ఎంత మావయ్యా?"

"తొంభై అయిదు."

"విప్పావా?"

"పొద్దున్నే. గ్రీజు పడెయ్యను, తెల్లగుడ్డ మీదికి తీసి ఫోటో పంపుతాను."

"విప్పేముందు ఇంకోసారి లాగి రాయి," అన్నాడు. "టైముతో."